మూడో వాల్వు

ఫోన్ మోగేసరికి అతని చేతిలో ఉన్న ఆస్తి చల్లారిన టీ గ్లాసొక్కటే. ఎదురుగా ఇనుప కంచె, దాని లోపల గ్యాస్ పైపులైను తాలూకు వాల్వులు. పలకరిద్దామంటే నరపురుగు లేదు. భార్య పోయాక, మనుషుల మొహాలు చూడలేక, ఊరికి దూరంగా ఈ వాల్వులు చూసుకునే ఉద్యోగం అడిగి మరీ వేయించుకున్నాడు. అది నష్టపు బేరమని తెలియడానికి ఎన్నాళ్లో పట్టలేదు.

"బాబాయ్, మూడో వాల్వు దగ్గర మళ్లీ మీథేన్ కనిపిస్తోంది" అంది ఉపగ్రహం ఆఫీసు అమ్మాయి.

ఆమెను అతనెప్పుడూ చూడలేదు. కంటికి కనిపించని గ్యాసు ఎక్కడ కారుతోందో ఉపగ్రహం ఆకాశంలోంచి పసిగడితే, ఫోన్ చేసి చెప్పడం ఆమె పని. వెళ్లి బిగించడం ఇతని పని. మొదటిసారి ఫొటో కూడా పంపింది, బూడిదరంగు నేల మీద పసుపు మరక. చూస్తే నిజంగానే బోల్టు వదులైంది. ఆ తర్వాత ఫొటోలు రాలేదు, ఫోన్లే వచ్చాయి.

మీటరు పట్టుకుని వాల్వు చుట్టూ తిరిగాడు. ముల్లు కదల్లేదు.

"ఉందా బాబాయ్?"

"ఉందమ్మా. బిగిస్తున్నా, లైన్లోనే ఉండు."

లేదంటే పెట్టేస్తుంది. ఉందంటే, బిగించేదాకా మాట్లాడుతుంది. మోకాలి నొప్పి తగ్గిందా అంటుంది, ఏం తిన్నావంటుంది. ఒక్క అబద్ధానికి ఇంత రాబడి ఏ వ్యాపారంలో ఉంది?

"మీ ఆఫీసులో ఇంకెవరూ ఉండరా అమ్మాయ్?"

"నేనూ, ఏసీ. అది గొణుగుతుంది, నేను వింటాను."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఈ బేరం ఇలా సాగుతుండగా ఇంజనీరు ఊడిపడ్డాడు.

"ఏమయ్యా, ఎన్నిసార్లు బిగించినా కారుతోందంటున్నావు, అది వాల్వా, జల్లెడా? పీకేసి కొత్తది పెట్టేస్తున్నాం."

"పాతదే నయం సార్. అలవాటైంది."

"దానికేమన్నా పిల్లనిస్తావా ఏమిటి! ఇక చచ్చినా కారదు. హాయిగా పడుకో పో."

కొత్త వాల్వు నిగనిగలాడుతోంది. పెట్టుబడి మునిగిన వర్తకుడిలా దాని ముందు చతికిలబడ్డాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"బాబాయ్, మూడో వాల్వు దగ్గర..."

ఇంకొక్కసారి ఉందనొచ్చు. కానీ కొత్త వాల్వు కూడా కారుతోందని ఆమె పైకి రాస్తే, తప్పు చెప్పావని పైవాళ్లు ఆ అమ్మాయినే నిలదీస్తారు. తన లాభానికి ఆమెకు నష్టం తేవడానికి నోరు రాలేదు.

"లేదు తల్లీ. కొత్తది వేశారు. అసలు మొదటిసారి తప్ప ఎప్పుడూ లేదు. ఫోన్ పెట్టేస్తావని ఉందంటూ వచ్చాను. ఇక నీ ఇష్టం."

ఉన్న ఒక్క ఖాతా చేజేతులా మూసేసుకున్నాననుకున్నాడు. ఫోన్ చెవి మీంచి తీయబోతుంటే ఆమె గొంతు సన్నగా వినిపించింది.

"ఆ మొదటి ఫొటో తీసిన వారానికే మా ఉపగ్రహం పాడైపోయింది బాబాయ్."