అరచేతి ఇస్త్రీ

దేవదూతలు బెజవాడకు కాపురం వచ్చాక, వాళ్ల తెల్ల అంగీల ఇస్త్రీ రాక్షసుల పాలబడింది. బొగ్గులు అక్కర్లేదు, అరచెయ్యి ఆనిస్తే చాలు. అదే చెయ్యి దూతకు తగిలిందంటే మాత్రం రెక్కలు బూడిదైపోతాయి.

పద్దెనిమిదేళ్ల రాక్షసపిల్ల ధూమిని ఆ రోజు ఇస్త్రీ బండి దగ్గర, హనియేలు అనే దూత అంగీ రుద్దుతూ, అతని ధ్యాసలో పడి చెయ్యి తీయడం మరిచిపోయింది. సరిగ్గా గుండె దగ్గర ఐదు వేళ్లూ అచ్చుపడ్డాయి.

"తప్పైపోయిందండీ. కొత్తది కుట్టించిస్తాను," అంది తలొంచుకుని.

హనియేలు ఆ అంగీ అక్కడే తొడుక్కుని, ఆ మచ్చ మీద తన వేళ్లు ఒక్కొక్కటే ఆనించుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

సంచిలోంచి మరో ఆరు అంగీలు తీసి బండి మీద పెట్టాడు.

"వీటి మీద కూడా చెయ్యి మరిచిపోండి. వారమంతా వేసుకోవాలిగా."