చాప మీద కుడి పాదం

బ్రేక్ ఆయిల్ నీళ్ళతో కడిగితే పోతుంది. ఇంజన్ ఆయిలైతే మరక మిగిలేది, సుబ్రమణి కంట పడేది.

రాకిరాకి ఊళ్ళో చెరకు తోటల పక్కన అతను కార్లు బాగుచేస్తాడు. బ్రేకు పెడల్ దగ్గరి సిలిండర్‌లోంచి ఆయిల్ కారితే ముందు తడిసేది నడిపేవాడి కుడికాలేనని అతనికి బాగా తెలుసు. కిందటేడు కొడుకు శశి చెప్పుల్లేకుండా టాక్సీ నడుపుకొచ్చి, వరండాలో చాప మీద జిడ్డు పాదం వేశాడు. సుబ్రమణి భార్య పాపమ్మ తిట్టుకుంటూ కడిగేసింది. ఆ రాత్రే మళ్ళీ బండి తీసుకుపోయిన శశి, కొండ దిగుతూ బ్రేకు పడక చచ్చిపోయాడు. నలిగిన కారును సుబ్రమణే పాత ఇనుముకు అమ్మేశాడు.

ఈ రాత్రి చెరకాకు కదలడం లేదు. కుక్క ఎందుకో మంచం కింద దూరి బయటికి రానంటోంది.

"శశి వచ్చినట్టున్నాడయ్యా," అంది పాపమ్మ వరండాలోంచి, మామూలుగా. "కాళ్ళు కడుక్కోడం ఈ జన్మకి నేర్చుకోడు. బాల్టీ తెస్తానుండు."

సుబ్రమణి లాంతరు పట్టుకుని వంగాడు. చాప మీద ఒక్కటే తడి పాదం, కుడిది. వేలితో రుద్దాడు. జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బ్రేక్ ఆయిల్ వాసన.

బాల్టీకి లేచిన భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"కడగొద్దే. ఈసారి నేను చూసినాను. వాణ్ణి బండి ఎక్కనియ్యను."

"మరి పిలువు. లోపల లేడా?"

లాంతరు ఇంకాస్త కిందికి దించాడు. పాదం వేళ్ళు ఇంటివైపు లేవు, రోడ్డువైపు ఉన్నాయి.

దూరంగా, కొండ మీద, ఒక బండి దిగుతున్న చప్పుడు మొదలైంది.