తెర మీద రేగుపల్లె

"ఆపు! ఆపు! అగో, గది మా ఇల్లే!"

కనకవ్వ అరిచిన అరుపుకు గిటారు ఆగింది. డప్పు ఆగింది. పాట సగంలో తెగింది.

మైకు పట్టుకున్న నవనీత నవ్వింది. "అవ్వా, పాట అయినంక చూడరాదే జర?"

"నీ పాట పాడుగాను! పాట రేపైన పాడొచ్చు. మా ఇల్లు మల్ల ఏడ దొరుకుతది?"

జనం గొల్లుమన్నారు. తెర పక్కన లాప్‌టాప్ ముందున్న నిరంజన్ మాత్రం నవ్వలేదు. తల వంచుకుని బొమ్మను ఆపాడు.

రేగుపల్లె ఇప్పుడు లేదు. నాలుగేళ్ల కింద ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో కలిసిపోయింది. జనమంతా మంథని రోడ్డు మీది ఈ కాలనీకి వచ్చి పడ్డారు. ఆ ఊరి బిడ్డ నవనీత కరీంనగర్‌లో 'నల్లదుమ్ము' అని ఒక బ్యాండు పెట్టింది. రాక్ పాట, డప్పు, నాటకం, వెనక తెర మీద వీడియో, అన్నీ కలిపిన ఆట. నటులు విరిగిన తలుపులు, కిటికీలు మోసుకుంటూ తిరుగుతుంటారు. వాళ్ల వెనక రేగుపల్లె కదులుతుంటుంది, గద్ద పైనుంచి చూసినట్టు. కెమెరా నాగలి చాలు పట్టినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా పోతుంది. పక్క చాలు పట్టి తిన్నగా తిరిగి వస్తుంది. హైదరాబాద్‌లో చూసినవాళ్లకు అదే నచ్చింది. ఊరిని జపమాలలా ఒక్కో పూసా తిప్పాడని ఒకాయన పేపర్లో రాశాడు కూడా.

తీసింది నిరంజనే. అతనిది రేగుపల్లె కాదు, పెద్దపల్లి. అక్కడ పెళ్లిళ్లకు డ్రోను ఎగరేసేవాడు.

"మా ఊరి వీడియో నీ దగ్గర ఎట్లుంది?" అని నవనీత అడిగిన రోజు, "పని మీద వచ్చినప్పుడు తీసిన" అన్నాడు. ఎవరింట్లో పెళ్లి అని ఆమె అడగలేదు. ఊరి ఆనవాలు ఒక్కటైనా మిగిలిందని ఏడ్చింది. ఆ ఏడుపులోంచే ఈ ఆట పుట్టింది.

అప్పటి నుంచి జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా నిరంజన్ పక్కకు తప్పుకునేవాడు. అందరూ వేదిక మీద వరుసగా నిలబడి దండం పెడుతుంటే, అతను వెనక వైర్లు చుట్టుకుంటూ ఉండేవాడు.

ఇవాళ కాలనీలో ఆటో దిగగానే ఆమెను పక్కకు పిలిచాడు. "నవనీతా, ఆ వీడియో ముచ్చట ఒకటి చెప్పాలె. ఆట కంటె ముందుగాల."

"మల్ల గదేనా? ఊరి దుఃఖం అమ్ముకుంటున్నమనే గద నీ పరేషాన్? ఇయ్యాల టికెట్ గూడ లేదు. మా ఊరిని మావోల్లకే చూపిస్తున్నం. ఇంకేం ఫికర్?"

"గది కాదు..."

"మా బాపు పొద్దటిసంది నీకోసమే చూస్తుండు. మొకం జర మంచిగ పెట్టు."

చెబితే ఆమె మళ్లీ తన మొహం చూడదు. బ్యాండూ ఉండదు. చెప్పకుంటే ఈ జనం పెట్టే అన్నం గొంతు దిగదు. ఈ రెండింటి నడుమ నలుగుతూనే పొద్దంతా తెర కట్టాడు.

ఇప్పుడా తెర మీద కనకవ్వ తన వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. నవ్వుతూ చెయ్యి ఊపుతోంది.

"ఓ పిలగా!" కనకవ్వ నిరంజన్ వైపు తిరిగింది. "నీకే ఊపిన చెయ్యి. ఆనాడు సర్వపిండి పెడితె మల్లొకటి అడిగి తిన్నవ్. యాదున్నదా?"

"ఉన్నదవ్వా." నిరంజన్ లాప్‌టాప్ మీదికి వంగాడు.

ఆ తర్వాత పాట సాగనే లేదు. ఒకరు బావి కాడ ఆపమన్నారు. ఒకరు బడి కాడ. సిద్దిరాములు తన గొర్రెలను గుర్తుపట్టి పేరుపేరునా పిలిచాడు. నటులు తలుపులు కింద పెట్టి, వాటి మీదే కూర్చుని చూడసాగారు.

అప్పుడు నవనీత తండ్రి మొండయ్య లేచాడు. కట్టె పొడుచుకుంటూ వచ్చి, తెరకు మొహం ఆనించినంత దగ్గరగా నిలబడి వెతికాడు.

"మా చింతచెట్టు గిది. దీని కింద బర్ల కొట్టం ఉండాలె. ఏది?"

"చెట్టు కింద ఉంటె పైకెల్లి ఎట్ల కనవడ్తది మామా?" అన్నాడు సిద్దిరాములు.

"ఓహో, గీ మిషన్‌కు గూడ కనవడలేదన్నట్టు!" మొండయ్య నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు అతని మొహం మీదే ఎండిపోయింది. "గని ఆఫీసోల్లు గూడ గిట్లనే అన్నరు. కొట్టమే లేదు, పైసలెందుకిస్తం పో అన్నరు. నా చేతులతోని కట్టిన కొట్టం."

"ఆల్లు కొలువనీకి వచ్చినప్పుడే చూపియ్యకపోయినవా బాపు?" అంది నవనీత.

"ఎవడొచ్చిండు బిడ్డా? గొలుసు పట్టినోడు లేడు, టేపు పట్టినోడు లేడు. ఒక్కడన్న ఊళ్లె అడుగు పెట్టలే. గాని ఎవని ఇల్లెంతో, ఎవని జాగెంతో గీత గీసినట్టు చెప్పిండ్రు. ఎట్ల కొలిచిండ్రో ఇప్పటికి సమజ్ కాదు." మొండయ్య నిరంజన్ భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వొక్కనివే బిడ్డా, మా ఊరిని మనసు వెట్టి చూసినోనివి."

నిరంజన్ లేచాడు. ఎన్నడూ వేదిక ఎక్కనివాడు తెర ముందుకొచ్చి నిలబడ్డాడు. ఊరి పెంకుటిళ్లు అతని చొక్కా మీద పడ్డాయి.

"ఆఫీసోల్ల కొలత గిదే బాపూ, ఆల్లకు నేను తీసిచ్చిందే."