గుర్రాల సినిమా

శనివారం సాయంత్రంలోగా దత్తాత్రి చాదర్ అనే పాత దుప్పటి నమూనా దొరక్కపోతే ఆర్డర్ పోతుంది. ఆర్డర్ పోతే రూపాలి కార్ఖానాలోని నాలుగు మగ్గాలూ తుక్కు కింద పోతాయి.

తన నాన్న కాలంలో ఆ చాదర్లు ఓడలెక్కి విదేశాలకు పోయేవని ఆర్డర్ ఇచ్చిన ముంబై వ్యాపారి చెప్పాడు. అతని దగ్గర ఫొటో లేదు. పేరొక్కటే గుర్తుంది.

దత్తాత్రేయుడి బొమ్మ వేసిన చాదర్ అనుకుంది రూపాలి. మూడు తలల బొమ్మ నక్షా కోసం అశోక్ చౌక్ బజారంతా తిరిగింది.

"దేవున్ని కప్పుకొని కాళ్లు సాపుతరా అక్కా?" అని నవ్వాడు మగ్గం నడిపే నితిన్.

నీలం నగర్‌లోని ఆ కార్ఖానా మెట్టు మీద రోజూ ఒక ముసలాయన కూర్చునేవాడు. ఫోన్‌లో ఎప్పుడూ అదే గుర్రాల సినిమా.

"ఏమున్నది తాతా అండ్ల? ఊరంతా అట్టలతోని చేసినట్టున్నది," అంది రూపాలి, కాలు ఒకచోట నిలవక.

"అట్టలే బిడ్డా. గాలొస్తే ఠాణా ఊగుతది. పదిమంది దొంగలకు మూడే గుర్రాలు."

"మరెందుకు సూస్తవ్?"

"పైసలున్నోళ్లు అన్నీ కొత్తయి కుట్టిస్తరు. వీళ్లు బజార్ల అగ్గువకు ఏది దొరికితే అది కప్పుకుంటరు, మన లెక్కనే. అయినా సూడు, సచ్చేటోడు గూడ టోపీ సక్కగ పెట్టుకుంటడు." ఫోన్ ముందుకు జరిపాడు. "కూసో. ఆఖరి సీన్ల ఒకటి సూపిస్త."

"నా తలకాయల మగ్గం ఆడుతున్నది. జర అవతల కూసో తాతా."

ఆయన నొచ్చుకోలేదు. సౌండ్ తగ్గించి, తలుపుకు అడ్డం లేకుండా జరిగాడు.

మర్నాడు మెట్టు ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీయే.

శనివారం మధ్యాహ్నం బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి నర్సమ్మ అనే ఆమె వచ్చింది. చేతిలో ముసలాయన ఫోన్.

"మా మామ గురువారం పోయిండమ్మా. ఒకప్పుడు చాదర్లు నేసేటోడు. కార్ఖానా బిడ్డకు ఆఖరి సీన్ సూపియ్యమన్నడు."

రూపాలి ఫోన్ అందుకుని మెట్టు మీద కూర్చుంది. ఈసారి ఆఖరిదాకా చూసింది.

సినిమాలో హీరో చనిపోయాడు. ఎవరో వచ్చి అతని మీద చాదర్ కప్పారు. ఎర్ర చారలు. అంచున నెమళ్లు. మూలన నేసిన తెలుగు అక్షరాలు: దత్తాత్రి.

రూపాలి బొమ్మ ఆపింది. సాయంత్రానికి ఇంకా టైముంది.

"దీనికోసం ఊరందర్ని అడిగిన, తాతను తప్ప," అంది మెల్లగా. "ఆయన పేరు గూడ అడగలే. ఏం పేరమ్మా?"

కోడలు మామ పేరు పలకకూడదు కనుక నర్సమ్మ నోటితో అనలేదు. కొంగు తల మీదికి లాక్కుని, ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.