తలగడ సర్దే చెయ్యి

కుడి రొమ్ముకు ఆపరేషనయ్యాక, ఆ వైపు చెయ్యి కింద తలగడ ఉంటేగానీ ఆనందమ్మకు నిద్ర పట్టదు. బందరులో కొడుకింటికి వచ్చినప్పటి నుంచి రాత్రుళ్ళు ఆ తలగడ జారిపోవడం, ఎవరో మెల్లగా మళ్ళీ సర్దడం ఆమెకు నిద్రలోనే తెలుస్తోంది.

"నా కోసం నిద్ర చెడగొట్టుకోకు తల్లీ," అంది పొద్దున కోడలితో.

క్రిస్టినా కాఫీ గ్లాసు ఇవ్వబోతూ ఆగింది. "నేనెలా వస్తానత్తయ్యా? కీమోకి జుట్టు ఊడిన దగ్గర్నుంచీ మీరు లోపల గడియ పెట్టుకునేగా పడుకుంటున్నారు."

నిజమే. బోడితల ఎవరి కంటా పడకూడదని ఆమె పట్టు.

భయం కంటే, అదేమిటో చూడాలన్న కుతూహలమే ఎక్కువైంది. ఆ రాత్రి గడియ లాగి చూసుకుని, తలగడను తనే కిందకు తోసి, ఎడమవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. కరెంటు పోయింది. ఫ్యాను కిర్రుమంటూ ఆగింది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

ఆమె చెయ్యి మెల్లగా పైకి లేచింది. దాని కిందకి తలగడ వచ్చి చేరింది. సలుపు తగ్గింది.

తర్వాత ఎవరివో వేళ్ళు నున్నటి తలను తాకాయి. అక్కడితో ఆగలేదు. లేని జుట్టుకు చిక్కు తీస్తూ నడుము దాకా దిగాయి. పాయలు తీసి జడ అల్లడం మొదలుపెట్టాయి. ఒక్కో అల్లికకూ మాడు చిన్నగా లాగుతోంది.

ఆనందమ్మ కళ్ళు తెరవలేదు. అల్లేవాళ్ళకు వీలుగా తల కొంచెం ఎత్తి పట్టుకుంది.