మేడ మీద చోటు

ఈసారి తుఫానొస్తే ఎవరెక్కడ తలదాచుకుంటారో సమార్ దీవిలో మా ఊరి పెద్ద, కెప్టెన్, అందరినీ కూర్చోబెట్టి రాసుకుంటున్నాడు.

"మా తమ్ముడు ఫెర్మిన్ మేడ మీద," అన్నాను. ‘వచ్చే తుఫానుకి అందరం ఇక్కడే అక్కా’ అని వాడంటే, ఆ మేడ కట్టడానికి ఏటి ఇసుక తట్టలతో మోసింది నేనే.

"కొట్టెయ్యండి కెప్టెన్," అంటూ తమ్ముడు లేచాడు. "పైన నా పందెం కోళ్లుంటాయి. అవి తడిస్తే చస్తాయి. అక్క మొండిఘటం, బడిలో తలదాచుకుంటుందిలెండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"అయినా నువ్వొక్కదానివేగా అక్కా! ఎక్కడైనా సర్దుకోవచ్చు."

అవును, ఒక్కదాన్నే. కిందటి తుఫానులో ఒక చేత్తో కొబ్బరిచెట్టును వాటేసుకున్నాను. రెండో చేత్తో ఒక్కరినే పట్టుకోగలిగాను. ఈత రాదని వీణ్ణి పట్టుకున్నాను.

మా ఆయనకు ఈత వచ్చుకదా అనుకున్నాను.