ఈ పొద్దు వాడొస్తాడు

లైఫ్ జాకెట్ తొడగబోతే మాదప్పన్ ఆ అమ్మాయి చెయ్యి విదిలించి కొట్టాడు.

అమ్మాయి పేరు తేన్మొళి. సాయంత్రం పూట జనాన్ని కయాక్ పడవల్లో డ్యామ్ నడుమకు తీసుకెళ్లి, అక్కడున్న బండ మీద టెలిస్కోప్ పెట్టి చుక్కల్నీ గ్రహాల్నీ చూపించడం ఆమె పని. జాకెట్ లేనిదే పడవ ఎక్కనివ్వనని తమిళంలో ఖరాఖండీగా చెప్పింది. మాదప్పన్ పళ్లు నూరుతూ తొడుక్కున్నాడు.

అరవై దాటిన మనిషి. సోగత్తూరులో ఇళ్లకు పునాదులు తవ్వుతాడు. ఇవాళ కూలి మానుకుని వచ్చాడు. పక్కన ఎవరైనా ఫోటో తీసుకుంటూ నవ్వినా అతనికి ఒళ్లు మండిపోతోంది.

ఒక్కో పడవలో ఇద్దరు ఎక్కాలి. అతనితో ఎక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి కడత్తూరు ఎరువుల కొట్టు పాండియన్‌కు తప్పలేదు.

పడవ కదిలింది. మాదప్పన్ తెడ్డు వేయడం లేదు, నీళ్లను బాదుతున్నాడు. పాండియన్ చొక్కా తడిసి ముద్దయింది.

“ఈ పొద్దు దొరికినావురా,” అని మాదప్పన్ గొణిగాడు.

తెలుగు. పాండియన్ ఉలిక్కిపడ్డాడు. వాళ్లింట్లో మాట్లాడేదీ ఆ మాటే.

“మీరూ మనోళ్లేనా పెద్దాయనా? ఎవుర్ని తిడతా ఉండారు?”

“నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నోణ్ణి.”

పాండియన్ తెడ్డు ఆగిపోయింది.

“నలభై ఏండ్లయిందప్పా,” అన్నాడు మాదప్పన్. “మాయమ్మకు మేమిద్దరమే. నా తమ్ముడు ఆంజనేయన్‌కు పందొమ్మిదేండ్లు. చింతపండు మూట నెత్తిన పెట్టుకుని అడివి దావన సంతకు పోవాల. తెల్లారబోతాందని నన్ను నమ్మించినాడు వాడు. నేనే తమ్ముణ్ణి లేపినా. ఇంకా కొంచేపు పండుకుంటానన్నా అంటే, కాలితో తన్ని లేపినా. చూస్తే అది సగం రాత్రి. దావలో ఏనుగులుండె.”

పాండియన్ మళ్లీ తెడ్డు అందుకున్నాడు.

“గడియారం చూడలేదా?”

“గడియారం ఎవురింట్లో ఉండె? మాయమ్మ సచ్చేదాకా నా చేతి నీళ్లు తాగలే. నువ్వే తోలినావురా అనింది. తోలింది నేనే. తోలించింది వాడు. ఆ మాట ఎవురూ అనరు.”

“పోలీసులకు చెప్పలేదా?”

“వాడుండే ఎత్తుకు పోలీసులు పోతారా? ఊరంతా వానికి దండం పెట్టేవాళ్లే. దీపాలు కూడా పెడతారు.”

“ఈ పొద్దు ఇక్కడికి వస్తాడని ఎట్ల తెలిసె?”

“మా మనమరాలు తిలగవతి ఫోన్‌లో వెతికి పట్టినాది. ఎన్ని గంటలకు వస్తాడో, యాడ కనబడతాడో అంతా అందులో ఉందంట. ఎదురుగా నిలబడి వాని మొగం చూడాలప్పా. చూసి అడగాల్సింది అడగాల. అడక్కుండా నేను సావను.”

మాదప్పన్ చూపు ముందుకే ఉంది. ముందు సెల్వరాజ్ పడవ ఉంది.

అయితే ఇతనేనన్నమాట అనుకున్నాడు పాండియన్. సెల్వరాజ్ పలుకుబడి ఉన్న మనిషి. నాలుగు గుళ్లకు ధర్మకర్త. ఒకప్పుడు ఈ కొండల్లో చింతపండు కాంట్రాక్టంతా తనదేనని ఇందాక ఒడ్డున అందరికీ వినబడేలా చెప్పుకున్నాడు. కూలీలను తెల్లారకముందే అడివిలోకి తోలితేనే పని జరిగేదని నవ్వాడు కూడా.

ఆ నవ్వు గుర్తొచ్చి పాండియన్‌కే కోపం ముంచుకొచ్చింది. అయినా నీటి నడుమ హత్య జరిగితే సాక్షి తనే అవుతాడు. పడవ వెనక్కి తిప్పబోయాడు.

“తిప్పినావంటే నిన్ను నీళ్లలోకి తోస్తా,” అన్నాడు మాదప్పన్. తోసేవాడే.

పొద్దు పూర్తిగా గుంకింది. పడవలు ఒక్కొక్కటే బండకు చేరాయి. జనవరి చలి ఎముకలు కొరుకుతోంది. తేన్మొళి అప్పటికే టెలిస్కోప్ బిగించి, తూర్పు కొండ వైపు తిప్పి సరిచేస్తోంది. అలవాటు ప్రకారం సెల్వరాజ్ అందరినీ నెట్టుకుని ముందు నిలబడి, వంగి కన్ను పెట్టాడు.

మాదప్పన్ పడవ ఆగకముందే దూకాడు. మోకాలు బండకు కొట్టుకుని నెత్తురు కారింది. తెడ్డు చేతిలోనే ఉంది.

“వచ్చినాడా?” అని అరిచాడు.

“వచ్చేశారు, చూడండి,” అంది తేన్మొళి, ఏమీ తెలియక.

పాండియన్ వెనకనుంచి నడుము పట్టుకున్నాడు. ముసలాయన ఒక్క విదిలింపుతో వదిలించుకున్నాడు. పునాదులు తవ్విన చేతులు మరి.

“సెల్వరాజ్ సార్, తప్పుకోండి,” అని పాండియన్ గొంతు చించుకున్నాడు.

సెల్వరాజ్ తల తిప్పాడు. మీదికొస్తున్న మనిషిని, ఆ కళ్లను, ఆ తెడ్డును చూశాడు. పెద్దమనిషితనమంతా ఆవిరై, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి నీళ్లలో పడ్డాడు. మాదప్పన్ అతని వైపు కూడా చూడలేదు.

తెడ్డు విసిరేసి, టెలిస్కోప్‌కు కన్ను ఆనించి, నలభై ఏళ్ల కిందట నడిరాత్రి వేగుచుక్కలా వెలిగి తన చేత తమ్ముణ్ణి నిద్ర లేపించిన గురుగ్రహాన్ని మాదప్పన్ కసితీరా తిట్టడం మొదలుపెట్టాడు.